పిల్లల మెదడు తరంగాలపై పరిశోధన: సీమ విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కడపలో పుట్టి పెరిగాను. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో మెదడులోని విద్యుత్తు ద్వారా, అంటే ఆ విద్యుత్తును తలపై కొలిచే ఈఈజీ ద్వారా, అధ్యయనం చేయడం నా వృత్తి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడూ, కర్నూలులోనో అనంతపురంలోనో ఏదైనా డిగ్రీ కళాశాలలో మాట్లాడినప్పుడూ ఏటా అవే సందేహాలు ఎదురవుతున్నాయి. విద్యార్థులు నేరుగా అడుగుతారు. తల్లిదండ్రులు సభ ముగిసేదాకా ఆగి, పక్కకు పిలిచి అడుగుతారు. ఆ ప్రశ్నలను వారు అడిగిన మాటల్లోనే ఇక్కడ ఉంచాను. దశల వారీగా విడదీశాను కనుక ఎవరికి కావలసిన చోటు నుంచి వారు చదువుకోవచ్చు.

## ఈ దారి ఎంచుకోకముందు

ఈఈజీ అంటే ఫిట్స్ వచ్చినవాళ్లకు తీసేది కదా, దాంతో సైకాలజిస్టుకు ఏం పని?

ఆసుపత్రిలో న్యూరాలజిస్టు చూసే ఈఈజీ, మేము తీసే ఈఈజీ ఒకే కొలత. వెతికేది మాత్రం వేరు. న్యూరాలజిస్టు మూర్ఛ జాడల కోసం చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న మెదడు ఒక మాట వినగానే, ఒక ముఖం చూడగానే, ఒక తప్పు చేయగానే ఎంత సేపటికి, ఎంత బలంగా స్పందించిందన్నది మాకు కావాలి.

మెదడు పైపొరలోని నాడీకణాలు లక్షలాదిగా ఒకేసారి సంకేతాలు అందుకున్నప్పుడు పుట్టే విద్యుత్తులో చాలా కొద్ది భాగం పుర్రెను, చర్మాన్ని దాటి తల పైకి వస్తుంది. అది పదుల మైక్రోవోల్టుల్లో ఉంటుంది. గోడ గడియారంలో వేసే చిన్న సెల్లులో పదిహేను లక్షల మైక్రోవోల్టులు ఉంటాయని గుర్తుంచుకుంటే ఈ సంకేతం ఎంత సన్ననిదో అర్థమవుతుంది. మనిషి తలపై దీన్ని మొదటిసారి నమోదు చేసినవారు జర్మనీలోని యేనా నగరంలో పనిచేసిన మనోవైద్యుడు హాన్స్ బెర్గర్. ఆయన 1924లో నమోదు చేసి, అయిదేళ్లు తనను తాను అనుమానించుకుంటూ సరిచూసుకుని, 1929లో ప్రచురించారు. అప్పటికీ చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనే శాస్త్రవేత్తలు అదే తరంగాన్ని మళ్లీ చూపించిన తరువాతే అందరూ అంగీకరించారు. ఈ రంగంలోకి వచ్చేవారు మొదట తెలుసుకోవలసిన కథ ఇదేనని నా అభిప్రాయం.

తలమీద కరెంటు కొలిస్తే పిల్లల ఆలోచన ఎదుగుదల ఎలా తెలుస్తుంది?

రెండు విధాలుగా తెలుస్తుంది. మొదటిది, ఊరికే కూర్చున్నప్పుడు తల వెనుక భాగంలో కనిపించే ప్రధాన లయ. ఏడాది నిండే బిడ్డలో అది సెకనుకు సుమారు 5 నుంచి 6 సార్లు, మూడేళ్లకు సుమారు 8 సార్లు, పదేళ్లు దాటేసరికి సుమారు 10 సార్లు కొట్టుకుంటుంది. వయసుతో పాటు ఈ లయ వేగం పుంజుకోవడం మెదడు పరిపక్వతకు ఒక గుర్తు.

రెండవది, ఒక పని చేస్తున్నప్పుడు తరంగంలో వచ్చే మార్పు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే కనిపెట్టిన ఒక పరీక్షను ఎవరి ఇంట్లోనైనా చేయవచ్చు. ఎనిమిది నెలల బిడ్డ చూస్తుండగా బొమ్మను ఎడమవైపు గుడ్డ కింద రెండు మూడు సార్లు దాచి తీయనివ్వండి. తరువాత బిడ్డ కళ్లెదుటే కుడివైపు గుడ్డ కింద దాచి కాస్త ఆగండి. బిడ్డ మళ్లీ ఎడమవైపే చేయి చాపుతుంది. ఏడాది వయసు వచ్చేసరికి ఈ పొరపాటు చాలావరకు పోతుంది. మార్తా ఆన్ బెల్, నేథన్ ఫాక్స్ 1992లో ప్రచురించిన అధ్యయనంలో పసిపిల్లలకు ఏడవ నెల నుంచి పన్నెండవ నెల దాకా నెలనెలా ఈఈజీ తీస్తూ ఈ పరీక్ష పెట్టారు. ఎక్కువ సేపు ఆగి కూడా సరైన చోట వెతకగలిగిన పిల్లల్లో నుదుటి వెనుక భాగపు తరంగాలు మారుతూ వచ్చాయి. ముందు భాగానికీ వెనుక భాగానికీ మధ్య పొందిక పెరిగింది. చేయి చాపే తీరు బయటికి కనిపించే ప్రవర్తన. దాని వెనుక మెదడు ఎదుగుతున్న జాడను ఈఈజీ పట్టిచ్చింది.

ఇన్ని స్కానింగులు వచ్చాక ఇంకా ఈఈజీ ఎందుకు?

ఎంఆర్‌ఐ స్కానింగు మెదడులో ఎక్కడ పని జరిగిందో బాగా చెబుతుంది కానీ, అది చూసేది రక్తప్రసరణలో మార్పును కనుక కొన్ని సెకన్లు వెనుకబడుతుంది. ఈఈజీ చోటును అంత కచ్చితంగా చెప్పలేదు. కాలాన్ని మాత్రం సెకనులో వెయ్యో వంతు దాకా చెబుతుంది. పైగా, మెలకువగా ఉన్న రెండేళ్ల పిల్లవాణ్ణి చప్పుడు చేసే గొట్టంలో కదలకుండా పడుకోబెట్టడం ఎవరి తరమూ కాదు. ఈఈజీ అయితే తల్లి ఒడిలోనే తీయవచ్చు, పరికరాన్ని పెట్టెలో పెట్టుకుని అంగన్‌వాడీకి కూడా తీసుకుపోవచ్చు.

ఈఈజీ తీస్తే మా పాప తెలివి ఎంతో, ఏ కోర్సులో చేర్చాలో చెప్పగలరా?

చెప్పలేము. ఈ ప్రశ్నకు ఇంత సూటిగా జవాబివ్వడం నా బాధ్యత అనుకుంటున్నాను. మా ఫలితాలన్నీ పదుల సంఖ్యలో పిల్లల సగటులు. నాలుగేళ్ల పిల్లల సమూహానికీ ఆరేళ్ల పిల్లల సమూహానికీ తేడా ఉందని చెప్పగలం. కానీ ఒక్క పిల్ల తరంగాన్ని చూసి ఆ పిల్ల ఇంజనీరవుతుందో డాక్టరవుతుందో, కనీసం లెక్కల్లో చురుకో కాదో కూడా చెప్పలేము. పుర్రె మందం, ఆ రోజు నిద్ర, పొద్దున తిన్న తిండి, టోపీ అమరిన తీరు అన్నీ ఆ తరంగంలో కలిసే ఉంటాయి.

మన పట్టణాల్లో 'బ్రెయిన్ మ్యాపింగ్' అనీ, వేలిముద్రలు చూసి తెలివి చెబుతామనీ, 'మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్' చేసి కళ్లకు గంతలు కట్టినా చదివిస్తామనీ వేల రూపాయలు వసూలు చేసేవారు ఉన్నారు. వీటికి శాస్త్రీయమైన ఆధారం లేదు. పాప మాటలు ఆలస్యమవుతున్నాయనో, చదవడంలో ఇబ్బంది పడుతోందనో అనుమానం ఉంటే పిల్లల డాక్టరుకు చూపించి, ముందు వినికిడి పరీక్ష చేయించండి. ఎంతోమంది పిల్లల విషయంలో అసలు చిక్కు అక్కడే బయటపడుతుంది.

ఇంటర్ చదివే మా అబ్బాయి చేసిన తప్పే మళ్లీ చేస్తున్నాడు. టీనేజీ పిల్లల గురించి ఈ పరిశోధనలు ఏమైనా చెబుతాయా?

ఒక సంగతి చెబుతాయి. మనిషి త్వరపడి తప్పు మీట నొక్కినప్పుడు, నొక్కిన తరువాత సెకనులో పదో వంతు గడిచేలోపే తల నడిమి ముందు భాగంలో ఒక ఋణ తరంగం వస్తుంది. 1990ల మొదట్లో జర్మనీలో ఫాల్కెన్‌స్టైన్ బృందం, అమెరికాలో గేరింగ్ బృందం దీన్ని వేర్వేరుగా వివరించాయి. పరిశోధకులు దీన్ని ఈఆర్‌ఎన్ అంటారు. డేవిస్, కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త సెగలోవిట్జ్, గావిన్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఈ తరంగం చిన్నపిల్లల్లో బలహీనంగా ఉండి, కౌమారం పొడవునా క్రమంగా పెరుగుతూ వచ్చింది. తన తప్పును తానే గమనించుకునే యంత్రాంగం ఆ వయసులో ఇంకా తయారవుతూనే ఉందన్నమాట. ఇది సగటు మాట. మీ అబ్బాయికి మినహాయింపు పత్రం కాదు, అతని మీద తీర్పూ కాదు. అయితే, ఆ వయసు పిల్లవాడికి తెల్లవారుజామున లేపి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు పెట్టి నిద్ర కోసేయడం మంచిది కాదని చెప్పడానికి నాకు ఏ తరంగమూ అక్కరలేదు.

## చదువు, ప్రవేశాలు, డబ్బు

ఇంటర్‌లో బైపీసీ తీసుకోలేదు. ఈ దారి మూసుకుపోయినట్టేనా?

లేదు. ఎంపీసీ, హెచ్ఈసీ, ఇంజనీరింగు, ఆడియాలజీ, భాషాశాస్త్రం చదివినవారు ఈ రంగంలో ఉన్నారు. ఎక్కడి నుంచి వచ్చినా గణాంకశాస్త్రం మాత్రం తప్పదు. అది అంటే భయపడేవారు పీజీలోనే ఆ భయం తీర్చుకోవాలి.

కర్నూలు, అనంతపురం, కడపల నుంచి ఎక్కడికి వెళ్లి చదవాలి?

మన జిల్లాలకు ఒక అనుకూలత ఉంది. కర్నూలుకు హైదరాబాదు, అనంతపురానికి బెంగళూరు ఒకే జాతీయ రహదారి మీద రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. కడప నుంచి తిరుపతి మూడు గంటల బస్సు ప్రయాణం. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగం ఉంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాడీ, జ్ఞాన శాస్త్రాల కేంద్రం, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ప్రయోగశాల ఉన్నాయి. బెంగళూరులో మానసిక, నాడీ వైద్య జాతీయ సంస్థ నిమ్హాన్స్ ఉంది. దూరమైనా ఫరవాలేదనుకుంటే అలహాబాదు విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన కాగ్నిటివ్ సైన్స్ కేంద్రం, ఐఐటీ గాంధీనగర్, ఐఐటీ కాన్పూర్ ఉన్నాయి.

పేరు చూసి చేరవద్దని నా సలహా. ఆ విభాగంలో ఈఈజీ యంత్రం ఉందా, అది నడుస్తోందా, గత మూడేళ్లలో దాంతో ఎవరైనా పేపరు రాశారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకుని చేరండి. గుడ్డ కప్పి ఉంచిన యంత్రాలను నేను చాలా చోట్ల చూశాను.

క్లినికల్ సైకాలజిస్టు, ఈ పరిశోధన చేసే సైకాలజిస్టు ఒకటేనా?

కాదు. క్లినికల్ సైకాలజిస్టుగా రోగులకు పరీక్షలు, చికిత్స చేయాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ, ఆ మండలిలో నమోదు అవసరం. పరిశోధకులకు పీజీ, పీహెచ్‌డీ చాలు. కానీ ఆ పట్టాతో ఎవరికీ రోగనిర్ధారణ చేసే హక్కు రాదు.

పీహెచ్‌డీ అయ్యేదాకా ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవాలా?

జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి వస్తే అక్కరలేదు. దాన్ని ఇచ్చే జాతీయ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో మనస్తత్వశాస్త్రం ఒక సబ్జెక్టు. అందులో జేఆర్‌ఎఫ్ సాధించినవారికి 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు ఇస్తారు. ఇంటి అద్దె భత్యం అదనం. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగ అభ్యర్థులకు అయిదేళ్ల సడలింపు ఉంది. ఇది రాకపోతే ప్రాజెక్టుల్లో పరిశోధన సహాయకులుగా చేరి, జీతం తీసుకుంటూ పని నేర్చుకుని, ఆ తరువాత పీహెచ్‌డీకి వెళ్లేవారు ఉన్నారు. ఆ దారిన వచ్చినవారు మొదటి రోజు నుంచే టోపీ పెట్టగలరు కనుక ల్యాబులో వారికి గౌరవం ఎక్కువ.

మా అమ్మాయి ముప్పై ఏళ్లు వచ్చేదాకా చదువుతూనే ఉంటానంటోంది. పెళ్లి సంగతేమిటి?

ఈ మాట ఎక్కువగా తండ్రులు అడుగుతారు. కోపంతో కాదు, బెంగతో. పీహెచ్‌డీని 'ఇంకా చదువే' అనుకోవడం వల్ల ఈ బెంగ పెరుగుతుంది. నెలనెలా భత్యం తీసుకుంటూ, పిల్లలతో, యంత్రాలతో, తల్లిదండ్రులతో రోజూ వ్యవహరించే ఆ అయిదారేళ్లు ఉద్యోగంతో సమానం. ఆ కాలంలో పెళ్లి చేసుకున్నవారు, బిడ్డను కన్నవారు, ప్రసూతి సెలవు తీసుకుని తిరిగి వచ్చి పూర్తి చేసినవారు ఉన్నారు. అలా వచ్చినవారి సహనం ఏడ్చే పిల్లలున్న ల్యాబులో ఎంత పనికొచ్చిందో నేను దగ్గరుండి చూశాను. అమ్మాయి నిర్ణయాన్ని అమ్మాయికే వదిలిపెట్టండి.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు పేపర్లు చదవలేక వెనుకబడిపోతానా?

మొదటి ఏడాది కష్టంగా ఉంటుంది. పేపర్లలో వాడే పదాలు కొన్ని వందలే. అవి అలవాటయ్యాక దారి తేలికవుతుంది. అయితే ఈ ప్రశ్నకు రెండో వైపు ఎవరూ చెప్పరు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

తెలుగులో 'త', 'ట' రెండు వేర్వేరు ధ్వనులు. నాలుక పళ్లను తాకితే ఒకటి, వెనక్కి మడిస్తే మరొకటి. ఇంగ్లీషులో ఈ భేదం లేదు. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో చూపినదేమిటంటే, హిందీలోని ఇలాంటి జంటను ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చక్కగా వేరు చేస్తారు; పది పన్నెండు నెలలకు వారిలో ఎక్కువ మంది ఆ శక్తిని కోల్పోతారు. చెవిన పడని భేదాన్ని మెదడు పక్కన పెట్టేస్తుంది. ఇలాంటి భేదాన్ని ఈఈజీతో పట్టే పద్ధతి కూడా ఉంది. 'త త త త' అని వినిపిస్తూ మధ్యలో ఒక్క 'ట' వినిపిస్తే, వినేవారు శ్రద్ధ పెట్టకపోయినా మెదడు ఆ తేడాకు సెకనులో ఐదో వంతు లోపే స్పందిస్తుంది. ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్ 1978లో వివరించిన ఈ స్పందన నిద్రపోతున్న పసిబిడ్డలో కూడా కనిపిస్తుంది. ఇక ల, ళ; న, ణ భేదాలున్న తెలుగును పుట్టినప్పటి నుంచి విన్న పరిశోధకులకు ఎన్ని ప్రశ్నలు తోస్తాయో ఆలోచించండి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కర్నూలు, కడప పిల్లలు; మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం, తెలుగు కలిపి వినే పిల్లలు వేరే దేశంవారు వెతికినా దొరకని సంపద.

ఇంకొక సంగతి. ఒకసారి ఆరేళ్ల పిల్లల పరీక్షకు సూచనలను ఎవరో పుస్తక భాషలో 'చిత్రము ఎచట కనిపించినచో అచటి మీటను నొక్కవలెను' అని రాసి పంపారు. పులివెందుల వైపు నుంచి వచ్చిన పిల్లవాడు టీచరు ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, మీట మాత్రం నొక్కలేదు. నేను పక్కన కూర్చుని 'బొమ్మ యాడ కనపడితే ఆడ ఒత్తాల నాయనా' అన్నాను. 'ఇంతేనా' అని గబగబా నొక్కడం మొదలుపెట్టాడు. ఆ సూచనలు మారకపోయి ఉంటే అతని పేరు ఎదుట 'పని అర్థం చేసుకోలేదు' అని రాసి ఉండేవారం. ఆ తప్పు మాది, పిల్లవాడిది కాదు.

## ల్యాబులో

చంటిబిడ్డ తలకు టోపీ పెట్టి తీస్తారంటారు. అసలు ఏం చేస్తారు?

ముందు టేపుతో తల కొలుస్తాం. కనుబొమల నడుమ ముక్కు మొదలయ్యే పల్లం నుంచి తల వెనుక మెడ పైన తగిలే బొడిపె దాకా ఒక కొలత, ఒక చెవి ముందు నుంచి రెండో చెవి ముందు దాకా ఇంకొక కొలత. ఆ దూరాలను పది, ఇరవై శాతాలుగా విడగొట్టి ఎలక్ట్రోడ్ల చోట్లు నిర్ణయిస్తాం. హెర్బర్ట్ జాస్పర్ 1958లో ప్రచురించిన ఈ పద్ధతినే ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతోంది. చిన్న తలైనా పెద్ద తలైనా చోట్లు పోల్చుకోవచ్చు.

మన ఊళ్లలో ఆ తరువాతి పని నూనె వదిలించడం. బిడ్డను ల్యాబుకు తీసుకువస్తున్నామని నాయనమ్మ ప్రేమగా తలంతా కొబ్బరినూనె పట్టించి, నున్నగా దువ్వి, దిష్టిచుక్క పెట్టి పంపుతుంది. నూనె ఉంటే ఎలక్ట్రోడుకూ చర్మానికీ మధ్య నిరోధం పెరిగి తరంగం గజిబిజిగా వస్తుంది. అందుకే ముందురోజే ఫోను చేసి 'తలంటి పోయండి, నూనె వద్దు' అని చెబుతాం. దిష్టిచుక్క మాత్రం ఉండనిస్తాం; దాన్ని తుడిస్తే నాయనమ్మ మనసు చిన్నబోతుంది, చుక్క బుగ్గన ఉంటే మా కొలతకు అడ్డమూ లేదు.

గోరువెచ్చటి ఉప్పునీటిలో తడిపిన స్పాంజీల వలను, లేదా జెల్ నింపిన బట్ట టోపీని ఒకరు వెనుక నుంచి ఒక్క కదలికలో తొడుగుతారు. అదే క్షణంలో ఇంకొకరు బిడ్డ ఎదుట సబ్బు బుడగలు ఊదుతారు. బుడగ పగిలేలోపు టోపీ పడాలి. ఆ క్షణం దాటితే బిడ్డ చేయి టోపీ మీదికి పోతుంది, ఆ రోజుకు పని ముగిసినట్టే. అంతా సవ్యంగా సాగితే తల్లి ఒడిలో కూర్చున్న బిడ్డ పది నిమిషాల దాకా తెరను చూస్తుంది.

బిడ్డ తలకు కరెంటు ఎక్కిస్తారా?

ఎక్కించము. జ్వరం చూసే థర్మామీటరు ఒంట్లోకి వేడిని పంపదు, ఉన్న వేడిని చూపుతుంది. ఈఈజీ కూడా అలాగే తల నుంచి వచ్చే దాన్ని నమోదు చేస్తుంది, తలలోకి ఏమీ పంపదు. నొప్పి ఉండదు. తడి టోపీ చల్లగా తగిలి కొందరు పిల్లలు చికాకు పడతారు, ఏడిస్తే తీసేస్తాం.

ఒకే బొమ్మను అన్నిసార్లు ఎందుకు చూపిస్తారు? పిల్లలకు విసుగు కదా?

బొమ్మను చూసినప్పుడు పుట్టే స్పందన నాలుగైదు మైక్రోవోల్టులు ఉంటే, దాని చుట్టూ మెదడు మామూలుగా చేసే సందడి దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఒక్కసారి కన్ను ఆర్పితేనే వంద మైక్రోవోల్టులకు పైగా అల లేస్తుంది. తిరునాళ్లలో ఒక మనిషి గొంతు వినాలన్నట్టుంటుంది మా పని. ఆ మనిషి ఒకే మాటను మళ్లీమళ్లీ అంటుంటే, ప్రతిసారీ నమోదు చేసి సగటు తీస్తే, మారుతూ ఉండే గోల తగ్గి మారని మాట మిగులుతుంది. గోల తగ్గేది వర్గమూలం లెక్కన: 25 సార్లు చూపితే ఐదో వంతుకు, 100 సార్లు చూపితే పదో వంతుకు. పెద్దవారు వందలసార్లు చూస్తారు. పసిబిడ్డ కొన్ని పదుల సార్లకే తల తిప్పేస్తుంది. అందుకే పసిపిల్లల అధ్యయనాల్లో ప్రతి స్పందనా బంగారంతో సమానం, ఫలితాలు చెప్పేటప్పుడు అంతకంత జాగ్రత్తా అవసరం.

మా ఊరి ఎండలో, ఫ్యాన్లు, కరెంటు కోతల మధ్య ఈ పని సాధ్యమేనా?

సాధ్యమే, కానీ వేళ చూసుకోవాలి. చెమట పట్టిన చర్మం మీద తరంగం మెల్లగా పైకీ కిందికీ తేలిపోతుంది. ఫ్యాను వేస్తే వైర్లు ఊగుతాయి; పైగా గోడలోని కరెంటు 50 హెర్ట్జ్ రొదగా తరంగంలోకి చేరుతుంది. మేము ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడింటికే మొదలుపెట్టి పదింటికి ముగించేవాళ్లం. పరికరాన్ని బ్యాటరీ మీదే నడిపితే రొద చాలా తగ్గుతుంది. ఒక చోట ఎన్ని చేసినా తగ్గలేదు. చివరికి చూస్తే ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంది. ఉప్పు, బొగ్గు వేసి రెండు బిందెల నీళ్లు పోయించాక తెరమీద గీత శుభ్రపడింది. ఏ పాఠ్యపుస్తకమూ నాకు ఈ సంగతి చెప్పలేదు. ఆ బిందెలు మోసిన వాచ్‌మన్ చెప్పాడు.

కష్టపడి తీసిన డేటా పాడైపోతే ఏం చేస్తారు?

పాడైందని ఒప్పుకుని మళ్లీ తీస్తాం. నా పరిశోధన తొలి రోజుల్లో ఒక వేసవి అంతా పిల్లలను రప్పించి నమోదు చేశాను. బొమ్మ తెరపైకి వచ్చిన ప్రతి క్షణానికీ తరంగంలో ఒక గుర్తు పడాలి. కేబులు సరిగా బిగించకపోవడం వల్ల ఆ గుర్తులు పడలేదు. నేను పని మొత్తం పూర్తయ్యాకే ఫైళ్లు తెరిచాను. ఏ అల ఏ బొమ్మకు వచ్చిందో చెప్పే దారి లేకపోయింది. ఆ పిల్లల తల్లుల్లో ఒకరు కూలి మానుకుని రెండు బస్సులు మారి వచ్చారు. ఆమెకు ఏమని చెప్పాలో తెలియక చాలా రోజులు బాధపడ్డాను. అప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లల డేటాను చివరి లెక్క దాకా తేల్చి చూసిన తరువాతే మూడో బిడ్డను పిలుస్తున్నాను.

కోడింగ్ రావాలా?

కొంత రావాలి. ఈఈజీల్యాబ్, ఎంఎన్ఈ-పైథాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మామూలు ల్యాప్‌టాప్ మీద, అందరికీ ఉచితంగా దొరికే పాత డేటాతో ఇంట్లోనే సాధన చేయవచ్చు.

## అనుమతి, పిల్లలు, వారి పరిస్థితులు

తల్లిదండ్రులు సంతకం పెడితే చాలా?

చాలదు. సంస్థలోని నైతికత కమిటీ ముందుగా అనుమతించాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లి లేదా తండ్రి సమ్మతితో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల నుంచి నోటిమాటగా, పన్నెండేళ్లు దాటినవారి నుంచి రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. చదువురాని తల్లికి కాగితాన్ని చదివి వినిపించి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. ఎప్పుడైనా వద్దని వెళ్లిపోవచ్చని ఆమెకు నిజంగా అర్థమయ్యేలా చెప్పాలి. 'సార్లు అడిగినారు, కాదంటే బాగుండదు' అనుకుని ఒప్పుకునే మర్యాద మన ఊళ్లలో ఎక్కువ. ఆ మర్యాదను వాడుకోకూడదు. నేను కాగితం ఇచ్చి, ఇంటికి వెళ్లి అందరితో మాట్లాడి మరుసటి రోజు చెప్పమంటాను.

పేదరికం పిల్లల మెదడును శాశ్వతంగా దెబ్బతీస్తుందని చదివాను. మా పిల్లల గతి అంతేనా?

అంతే అనడానికి ఆధారం లేదు. ఈ భయానికి మూలమైన అధ్యయనాల్లో ముఖ్యమైనది రొమేనియా రాజధాని బుకారెస్టులో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా చేసినది. అక్కడి అనాథ శరణాలయాల్లో పెరుగుతున్న 136 మంది పసిపిల్లలను తీసుకుని, చీటీలు వేసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. శరణాలయాల పిల్లల ఈఈజీలో నెమ్మది అలలైన థీటా ఎక్కువగా, వాటికన్నా వేగమైన అలలైన ఆల్ఫా తక్కువగా ఉంది. ఎనిమిదేళ్ల వయసులో చూస్తే, రెండేళ్లు నిండకముందే కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల ఆల్ఫా ఇళ్లలో పెరిగిన పిల్లలతో సమానంగా కనిపించింది.

ఈ ఫలితాన్ని మన జిల్లాలకు యథాతథంగా తెచ్చి అతికించడం తప్పు. ఆ పిల్లలకు లేనిది డబ్బు మాత్రమే కాదు. ఎత్తుకుని మాట్లాడే ఒక మనిషి లేరు. అనంతపురం పల్లెల్లో వేరుశనగ పంట పోయి తల్లిదండ్రులు బెంగళూరుకు పనికి వెళితే, బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతుంది. అక్కడ లేమి ఉంది కానీ ఒడి ఉంది, మాట ఉంది, కథ ఉంది. ఈ రెండు బాల్యాలకు ఒకే పేరు పెట్టే పరిశోధనతో నేను ఏకీభవించను.

మన దగ్గర నేను నిజంగా ఆందోళనపడేది రక్తహీనత గురించి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. నాడీతంతువుల చుట్టూ కొవ్వుపొర ఏర్పడటానికి ఇనుము అవసరం. ఇనుము లోపం ఉన్న శిశువుల్లో శబ్దానికి మెదడు స్పందించే వేగం మందగించినట్టు అధ్యయనాలు చూపాయి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, ఐరన్ చుక్కలు బిడ్డకు అందుతున్నాయా లేదా అన్నది ప్రతి తల్లీ కనుక్కోవాలి.

ఒకే పిల్లలను ఏళ్ల తరబడి ఎందుకు పిలుస్తారు?

నాలుగేళ్ల పిల్లలనూ ఎనిమిదేళ్ల పిల్లలనూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఒక బిడ్డ ఎలా మారిందో తెలియాలంటే ఆ బిడ్డనే మళ్లీ చూడాలి. అమెరికాలో డెన్నిస్ మాల్ఫీస్ పుట్టిన 36 గంటల్లోపే శిశువులకు మాటల ధ్వనులు వినిపించి స్పందనలు నమోదు చేసి, ఎనిమిదేళ్ల తరువాత అదే పిల్లల చదివే శక్తితో పోల్చి 2000లో ప్రచురించారు. రెంటికీ సంబంధం కనిపించింది. ఇలాంటి పనికి మన దగ్గర పెద్ద అడ్డంకి మారిపోయే ఫోను నంబర్లు. నేను ప్రతి బిడ్డకూ మూడు నంబర్లు రాసుకుంటాను: తల్లిది, మేనమామది, ఊళ్లో అంగడి నడిపేవారిది.

## పీహెచ్‌డీ తరువాత, ఇప్పటి నుంచే

ఇంత చదివాక ఉద్యోగం దొరుకుతుందా?

విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు తక్కువ, నియామకాలు ఆలస్యం. ఈ సంగతి దాచడం మంచిది కాదు. పోస్ట్‌డాక్టరల్ పరిశోధన, ఆసుపత్రుల్లోని పరిశోధన ప్రాజెక్టులు, వాక్కు వినికిడి సంస్థలు, వైద్య పరికరాల సంస్థలు, డేటా విశ్లేషణ ఉద్యోగాలు మిగతా దారులు. సన్నని సంకేతాన్ని గోలలోంచి వేరు చేయడం వచ్చినవారికి ఆ నైపుణ్యం వేరే చోట్ల కూడా అన్నం పెడుతుంది.

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. యంత్రం లేదు, ల్యాబు లేదు. ఇప్పుడు ఏం మొదలుపెట్టగలను?

మీ వీధిలో ఎనిమిది నెలల బిడ్డ ఉంటే, తల్లిని అడిగి, వారానికి ఒక రోజు పావుగంట ఆ బిడ్డ దగ్గర కూర్చోండి. రెండు గుడ్డలు, ఒక గిలక్కాయ చాలు. బిడ్డ చూస్తుండగా దాచండి, మనసులో మూడు లెక్కపెట్టండి, వెతకనివ్వండి. ఏ వైపు చేయి చాపింది, ఎంత సేపు ఆగితే పొరబడింది, అప్పుడు నిద్రమత్తులో ఉందా, ఆకలితో ఉందా, మీరు ఏ వైపు చూస్తున్నారు అన్నవి నోటుబుక్కులో తేదీ, బిడ్డ వయసు నెలలు రోజులతో సహా రాయండి. మీ అంచనా రాయవద్దు, కనిపించింది రాయండి. బిడ్డకు ఏడాది నిండే రోజుకు మీ దగ్గర పదహారు పదిహేడు పేజీలు ఉంటాయి. ఏదైనా ల్యాబుకు ఇంటర్న్‌షిప్ కోసం ఉత్తరం రాసేటప్పుడు మార్కుల జాబితాతో పాటు బిడ్డ పేరు లేకుండా ఆ పేజీల నకలు కూడా పెట్టండి.